అటక దించాక ఏ గడపకి పోవాలి: తిరుపతి, చిత్తూరు పాత సామాన్ల కొట్ల మీద సమీక్ష

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో, గాంధీ రోడ్డు వైపు, ఇత్తడి కొట్లు వరసగా ఉంటాయి. బయట వేలాడే గంటలు, దీపపు సెమ్మెలు, హారతి పళ్ళేలు యాత్రికుల కోసం. లోపల కాటా దగ్గర జరిగే వ్యాపారం ఊరివాళ్ళది: పాత బోకులు ఇచ్చి కొత్తవి పట్టుకుపోవడం, లేదంటే డబ్బు తీసుకోవడం. చిత్తూరు బజారు వీధిలోనూ ఇదే పద్ధతి. పాత మిద్దె పడగొట్టి అపార్టుమెంటు లేపేటప్పుడో, అన్నదమ్ములు పంపకాలు చేసుకునేటప్పుడో అటక మీది గోతాలన్నీ ఒక్కసారిగా కిందికి దిగుతాయి. ఏది ఏమిటో చూసే ఓపిక అప్పుడు ఎవరికీ ఉండదు. ఆటో మాట్లాడి, అన్నీ ఒకే కాటా మీద పోసి వస్తారు.

ఈ సమీక్ష ఒక్క కొట్టు గురించి కాదు. పాత సామాను తీసుకునే గడపలు ఎన్ని రకాలున్నాయో, ఏది దేనికి పనికొస్తుందో, ఎక్కడ కోత పడుతుందో చూద్దాం. ముందే ఒకటి తేల్చేయాలి. ఇత్తడి కొట్లలో తూకం మోసం తక్కువే. నష్టమంతా "ఇది ఫలానా లోహం" అని పేరు పెట్టే చోట జరుగుతుంది. కంచుని ఇత్తడి కింద, నికెల్ పూత ఉన్న ఇత్తడిని స్టీలు కింద, నాణేన్ని ఉత్త వెండి కింద రాసేశాక కాటా ఎంత నిక్కచ్చిగా ఉంటే ఏం లాభం? వేరుచేసే పని ఇంట్లోనే అయిపోవాలి.

దానికి కావలసినవి: ఒక గట్టి అయస్కాంతం, చిన్న ఆకురాయి, భూతద్దం, వంటింటి ఎలక్ట్రానిక్ తూకం. నాణేలు, వెండి ఉంటే 0.01 గ్రాము వరకు చూపించే జేబు తూకం. ఇంతే.

మొదట అయస్కాంతం. బిందె, గంగాళం, కాగు లాంటి పెద్ద రేకు పాత్రల అంచు లోపల బలం కోసం ఇనుప కమ్మీ పెట్టి రేకుని దాని మీదికి మడిచి ఉంటారు. అయస్కాంతం అంచుకి అతుక్కుని పొట్టకి అతుక్కోకపోతే ఆ పాత్ర ఇనుపదని కాదు, కమ్మీ ఉందని అర్థం. గంగాళం చెవులకుండే కడియాలు కూడా చాలాసార్లు ఇనుపవే. వీటి బరువు తీసేయమని కొట్టువాడు అడిగితే అది న్యాయమే. ఎంత తీసేస్తున్నాడన్నదే చూసుకోవాలి. ఇంట్లోనే కడియాలు ఊడదీసి విడిగా తూచి పెట్టుకుంటే సగం వాదన అక్కడే తీరిపోతుంది. నీళ్లు కాచిన కాగుల అడుగున గార పేరుకుని ఉంటుంది, దాన్నీ ముందే గీకేయాలి. లేకపోతే ఆ గార పేరు చెప్పి దాని బరువుకి రెండింతలు కోస్తారు.

తర్వాత లోహాలు. రాగి ఎర్రదనం ఎవరికైనా తెలుస్తుంది, కానీ పొగబట్టి నల్లబడ్డ కాగుకి అడుగున ఆకురాయితో ఒక గీత గీస్తేగానీ తేలదు. రాగి రేటు ఇత్తడి కంటే ఎప్పుడూ ఎక్కువే. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం (జింకు). కంచు అంటే రాగి, తగరం (టిన్ను). వాయించే కంచులో, పాతకాలపు భోజనం కంచాల్లో తగరం దాదాపు 22 శాతం దాకా ఉంటుంది. తగరం ఖరీదైంది కాబట్టి కంచుకి కిలో మీద ఇత్తడి కంటే ఎక్కువ రావాలి. చాలా ఇళ్లలో పోయేది ఇక్కడే. కంచు గిన్నె, కంచం, గరిటె అన్నీ ఇత్తడి కుప్పలో కలిసిపోతాయి.

కంచుని పట్టుకోవడం కష్టం కాదు. వేళ్ల కొసల మీద నిలబెట్టి గోటితో కొడితే మోత సాగుతుంది, ఇత్తడి టక్కుమని ఆగిపోతుంది. పగులు ఉన్న కంచు మాత్రం మోగదు, అందుకే పగుళ్లు చూసుకుని కొట్టాలి. కంచు పెళుసు, వంగదు, విరుగుతుంది. సొట్టలు పడ్డ కంచం కనిపిస్తే అది బహుశా ఇత్తడిదే. అంచు బీటవేసిన కంచం అయితే కంచుదే అయ్యుండాలి. గీతలో రంగు కూడా తేడా: ఇత్తడి నిమ్మపండు పసుపు, కంచు కొంచెం గోధుమ వన్నె.

తెల్లగా మెరిసేవన్నీ స్టీలు కావు. పాత కాఫీ ఫిల్టర్లు, దబరా గ్లాసులు, మరచెంబులు చాలావరకు ఇత్తడి మీద నికెల్ పూత వేసినవి. అడుగు అంచు దగ్గర పూత అరిగిన చోట పసుపు తొంగిచూస్తుంది. వీటిని స్టీలు గోతంలో పడేయడం ఇళ్లలో జరిగే అతి మామూలు పొరపాటు. జర్మన్ సిల్వర్ పేరులో తప్ప లోపల వెండి లేదు: రాగి, నికెల్, తుత్తునాగం. వెనక ఇ పి ఎన్ ఎస్ అని అచ్చు ఉంటే దాని మీద వెండి పూత మాత్రం ఉందని. సత్తు, అంటే అల్యూమినియం గిన్నెలు తేలిక, చేతికే తెలుస్తాయి.

తమిళ వాసన ఉన్న ఇళ్లలో, చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు ముఖ్యంగా, చారు కాచే ఈయ చెంబు ఒకటి దొరకొచ్చు. అది తగరం. దాన్ని ఖాళీగా పొయ్యి మీద పెట్టకండి, తగరం 232 డిగ్రీలకే కరిగి కారిపోతుంది. తూకానికి వేసే ముందు సీసం కలిసిందేమో చూడాలి. తెల్ల కాగితం మీద రుద్దితే పెన్సిలు గీతలా పడితే అనుమానించాలి. అలాంటి దాంట్లో చారు కాచొద్దు, ఎవరికీ వాడకానికి ఇవ్వొద్దు కూడా.

బోలుగా ఉండే వాటికి, అంటే కుందులు, సెమ్మెలు, పిడులున్న హారతులు, బొమ్మలకి నీటి పరీక్ష చేయాలి. తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. వస్తువుని దారంతో వేలాడదీసి, అడుక్కీ పక్కలకీ తగలకుండా నిండా ముంచండి. అప్పుడు తూకం చూపే గ్రాములే ఆ వస్తువు ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో. పొడిగా ఉన్నప్పటి బరువుని దీనితో భాగించాలి. 850 గ్రాముల కుంది ముంచితే 100 చూపించిందంటే 8.5, ఇత్తడే. అదే 130 చూపిస్తే 6.5, లోపల లక్కో మట్టో కూరి ఉంది. రాగి 8.96, వెండి 10.49, సీసం 11.34, సత్తు 2.7. బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, ముంచాక ఒకసారి కదపాలి. కంచునీ ఇత్తడినీ ఈ పరీక్ష విడదీయలేదు, రెండింటి అంకెలూ మరీ దగ్గర. అక్కడ చెవే దిక్కు.

ఇప్పుడు కొట్టుకి. కాటా మీద నమ్మకం కుదరాలంటే సీలు విప్పని కిలో ఉప్పు ప్యాకెట్లు రెండు సంచిలో వేసుకుపోయి ముందు అవి తూచమనండి. కవరు బరువుతో 2 కిలోల పైన ఓ పది ఇరవై గ్రాములు చూపాలి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఏ సంవత్సరానిదో కాటా మీదే ఉంటుంది. అసలు బేరం మొదలయ్యేది ఆ తర్వాత. "తరుగు పోతాది నా, పదికి ఒకటి తీసేస్తాం" అంటాడు. పాత ఇత్తడి కరిగించేటప్పుడు తుత్తునాగం కొంత ఆవిరై పోతుంది, టంకం, మసి పోతాయి. తరుగు అనేది కట్టుకథ కాదు. కానీ కమ్మీ బరువు విడిగా తీసేశాక మళ్లీ మొత్తం మీద 10 శాతం కోయడం మాత్రం రెండుసార్లు కోసినట్టే.

లెక్క ఒకటి వేసుకుందాం. రేట్లు రోజూ మారతాయి, ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. 12 కిలోల పాత ఇత్తడి. కమ్మీ, కడియాలు 400 గ్రాములు తీస్తే 11.6 కిలోలు. 5 శాతం తరుగు తీస్తే 11.02 కిలోలు. కిలో 450 అయితే 4,959 రూపాయలు. అదే 11.6 మీద 10 శాతం కోస్తే 10.44 కిలోలు, 4,698 రూపాయలు. తేడా 261.

రెండో కిటుకు మార్పిడిలో ఉంది. "డబ్బు అయితే 450, మార్పిడి అయితే 480 ఏస్తాం కా" అన్న మాట వినసొంపుగా ఉంటుంది. 11.02 కిలోలకి 30 చొప్పున 331 రూపాయలు లాభం అనిపిస్తుంది. అయితే అదే కొట్లో కొత్త గుండిగ నగదుకి కిలో 700, మార్పిడిలో 750. 6 కిలోల గుండిగ తీసుకుంటే 300 అక్కడ పోయింది. చేతికి మిగిలింది 31 రూపాయలు, అది దింపిన ఆటోకి కూడా రాదు. కాబట్టి పాతది బయటికి తీయకముందే కొత్త సామాను నగదు రేటు అడిగి, మజూరీ కలిపా, విడిగానా అని తేల్చుకోవాలి. పోత పని సామాను, రేకు పని సామాను ఒకే రేటుకి ఇస్తున్నాడంటే కూడా అడగాలి, రెండింటికీ మజూరీ ఒకటి కాదు.

ఈ రకం కొట్లకి నా మార్కులు 10కి 7. పగిలినవి, చిల్లులు పడ్డవి, సొట్టబోయిన బిందెలు, జత తప్పిన మూతలు, వీటికి ఇంతకంటే మంచి గడప లేదు. డబ్బు అప్పటికప్పుడు చేతిలో పెడతారు. మార్కులు పోయేది కంచు విషయంలో, రసీదు విషయంలో. లోహం పేరు, బరువు, రేటు విడివిడిగా రాసిన చీటీ అడిగితే విసుక్కునే చోట సామాను తిరిగి ఎత్తుకోవడమే మంచిది. నాలుగు అడుగులు వేస్తే ఇంకో కాటా ఉంటుంది.

తూకానికి వేయకూడని పాత్రలూ కొన్ని ఉన్నాయి. చేత్తో సుత్తి దెబ్బలు కొట్టి చేసిన పెద్ద రాగి కాగులు, రెండు రేకుల్ని పళ్లు పళ్లుగా కలిపి అతికిన పాత బిందెలు, మర ఉన్న తీర్థయాత్ర చెంబులు, తమలపాకుల పెట్టెలు, పేరూ సంవత్సరం చెక్కిన పాత్రలు. వీటిని ఇంటి అలంకరణకి కొనేవాళ్లు లోహం రేటు కంటే ఎక్కువే పెడతారు. కొట్టువాడికీ ఇది తెలుసు. మీ గోతంలోంచి తీసిన మరచెంబు కరగడానికి పోకుండా షాపు పై అరలోకి చేరిందంటే అందుకే. బఫింగ్ పెట్టించి మెరిపించి అమ్ముదాం అనుకోకండి. చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి, ఆ పాత వన్నె పోతుంది, దాంతో పాటే ధరా పోతుంది. చింతపండు, ఉప్పుతో ఒకసారి కడిగి తుడిచి ఆరబెడితే చాలు. లోపలి పచ్చటి చిలుము మాత్రం వదిలేయకూడదు.

ఇంట్లో వాడదామని ఉంచుకునేవాటికి కళాయి వేయించాలి. ఇత్తడి, రాగి పాత్రల్లో పులుసు, చారు, మజ్జిగ నేరుగా పెడితే చిలుము దిగుతుంది. కళాయి అంటే పాత్రని వేడిచేసి, నవసాగరం చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా తిప్పడం. సరిగ్గా వేసిన కళాయి వెండిలా ఒకే వన్నెలో ఉంటుంది. మూలల్లో గోధుమ మచ్చలుంటే అక్కడ మసి సరిగ్గా తోమకుండా పూశారన్నమాట. పూసేవాడు తెచ్చిన కడ్డీ తగరమో, సీసం కలిసిందో ఇందాక చెప్పిన కాగితం పరీక్షతోనే చూడండి. ఖాళీ పాత్ర పొయ్యి మీద మరిచిపోతే ఆ కళాయి అక్కడితో సరి.

వీధిలో మైకు పెట్టుకుని వచ్చే పాత సామాన్ల ఆటోకి 10కి 3. పేపర్లకి, అట్టపెట్టెలకి, ప్లాస్టిక్ కుర్చీలకి సరే. కొక్కెం తరాజు మీద తూచే ఏ లోహమూ ఇవ్వకండి. మిక్సీ మోటారు, పాత సీలింగ్ ఫ్యాను ఇచ్చేటప్పుడు లోపలి రాగి చుట్టకి లెక్క కట్టరు, ఇనుము రేటే వేస్తారు. పాత ఇనుప సామాన్ల కొట్టుకి స్వయంగా తీసుకుపోతే ఫ్యానుకి, మోటారుకి వేరే రేటు ఉంటుంది.

వెండి కొట్టు సంగతి వేరు. ఇక్కడ వాదన బరువు మీద కాదు, మచ్చు మీద, అంటే వెండి ఎంత స్వచ్ఛమన్న దాని మీద. పట్టీలు, మొలతాళ్లు, కుంకుమ భరిణెలు అన్నీ ఒకే స్వచ్ఛత ఉండవు. టంకాలు ఎక్కువున్న పట్టీలు బాగా తక్కువ వెండి. భరిణెల మూతల బొడిపెల్లో లక్క ఉంటుంది. యంత్రం పెట్టి చూపించే పరీక్ష పైపొరనే చదువుతుంది, మందంగా పూత వేసిన వస్తువుని అది మంచి వెండిగా చూపించగలదు. కనిపించని చోట ఒక గీత గీయించి, అక్కడ మళ్లీ చూపించమనాలి. అన్నీ కలిపి కరిగించి ఒకే ముద్దకి స్వచ్ఛత కట్టే పద్ధతికి ఒప్పుకోకండి. 92.5 శాతం వెండి పళ్లెం, నాసి పట్టీలు కలిసి ముద్దయ్యాక మీ దగ్గర చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. బంగారం అయితే బి.ఐ.ఎస్. గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో చిన్న రుసుముతో పరీక్ష చేయించుకుని, ఆ కాగితంతో కొట్టు ఎక్కాలి. పాత కాసులు చేతికొస్తే ఇంకో జాగ్రత్త: నిజమైన బ్రిటిష్ సవర 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. మన వైపు సవర అంటే 8 గ్రాములని లెక్క స్థిరపడింది కాబట్టి సరిగ్గా 8.00 తూగే "పాత సవర" చూస్తే సంబరపడకండి, అనుమానపడండి.

నాణేలు అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరిగే చోటు, ఎక్కువ భ్రమలు ఉన్న చోటు కూడా. తెల్ల రూపాయి, అంటే బ్రిటిష్ కాలపు వెండి రూపాయి, 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. రూపాయెత్తు అన్న మాట అక్కడిదే. అర్ధ రూపాయి 5.83, పావలా 2.92. 1939 దాకా రూపాయిలో వెండి 91.7 శాతం, అంటే 10.69 గ్రాములు. 1940 నుంచి 50 శాతానికి దిగింది, 5.83 గ్రాములే. 1947 రూపాయి అసలు వెండే కాదు, నికెల్. అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది. ఈ మూడు కుప్పలూ వేరు చేయకుండా కొట్లో పోస్తే అన్నిటికీ తక్కువ కుప్ప రేటే పడుతుంది. అరిగిన నాణెం 11.4 తూగడం మామూలే. 10.8 తూగితే పోత నకిలీ కావచ్చు. పోత నాణెం చుట్టు అంచు మీద గీతలు మొద్దుగా ఉంటాయి, భూతద్దంలో పైన సూది మొనంత గుంటలు కనిపిస్తాయి.

జార్జి బొమ్మ ఉన్న 1917, 1918, 1919 లాంటి సంవత్సరాలు, విక్టోరియా 1840, 1862 చాలా ఇళ్లలో దొరికేవే. మరీ కొత్తగా ఉంటే తప్ప వెండి ధర మీద కొంచెమే ఎక్కువ వస్తుంది. 1911 రూపాయి మాత్రం వేరు. రాజు అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ లేచి వాటిని వెనక్కి తీసుకుని కరిగించారు, మిగిలినవి తక్కువ. 1939 రూపాయి ఇంకా అరుదు, అందుకే దాని పేరుతో నకిలీలు దండిగా ఉన్నాయి. ఈ రెండు సంవత్సరాలూ కనిపిస్తే వెండి కొట్టుకి కాదు, నాణేలు మాత్రమే చూసే వ్యాపారి దగ్గరికి పోవాలి. చెన్నై మూడు నాలుగు గంటల దూరమే.

ఏ నాణేన్నీ తోమకండి. పీతాంబరి, విభూతి, చింతపండు, టూత్ పేస్టు, ఏదైనా ఒకటే. సన్నటి గీతలు పడతాయి, సేకరించేవాడు వాటిని ఒక్క చూపులో పట్టి ధర సగానికి దించుతాడు. దుమ్ము ఉంటే మంచినీళ్లలో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. ప్లాస్టిక్ ఆల్బం మెత్తగా, వాసనగా ఉంటే అది పీవీసీ, కొన్నాళ్లకి నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది.

దేవుళ్ల బొమ్మలున్న "ఈస్టిండియా కంపెనీ 1818 అణా"లు తిరుపతిలో పూజ సామాన్ల కొట్లలోనే కొత్తగా దొరుకుతాయి. రాముడి పట్టాభిషేకం, హనుమంతుడు ఉన్న ఈ రాగి బిళ్లలు పాతవి కావు, కంపెనీ ముద్రించినవీ కావు. తమాషా ఏమిటంటే మన వెంకటేశ్వరస్వామి నిజంగానే పాత నాణేల మీద ఉన్నాడు. విజయనగరపు వెంకటపతిరాయల వరహా మీద తోరణం కింద నిలబడ్డ స్వామి, వెనక "శ్రీ వేంకటేశ్వరాయ నమః" అని నాగరి అక్షరాలు. కంపెనీ వాళ్లు మద్రాసులో వేసిన "మూడు స్వాముల" వరహా మీద ఇద్దరు దేవేరులతో స్వామి. రెండూ బంగారం, మూడున్నర గ్రాముల లోపు, చింతగింజ కంటే చిన్నవి. అరచేతి వెడల్పు రాగి బిళ్ల ఏదీ ఆ వరస కాదు.

ట్రాక్టరు బొమ్మ 5 రూపాయల నోటుకి లక్షలు, వైష్ణోదేవి నాణేనికి లక్షలు అనే ప్రకటనలు నమ్మి ముందుగా "రిజిస్ట్రేషన్" డబ్బు కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. పాత నోట్లు, నాణేల కొనుగోలుతో తనకి సంబంధం లేదనీ, ఏ రుసుమూ కమిషనూ అడగననీ రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. రాగి చెంబు బియ్యాన్ని లాగుతుంది, అందులో ఇరిడియం ఉంది, కోట్లు వస్తాయి అనే రైస్ పుల్లింగ్ బేరం కూడా అంతే. గింజల్లో సన్నటి ఇనుప ముక్కలు, చెంబులో అయస్కాంతం, ఆ గుట్టు అంతవరకే. పాత రేడియోలో, కుట్టు మిషన్‌లో రెడ్ మెర్క్యురీ అనే ఖరీదైన పదార్థం ఉందని అడిగేవాడూ ఈ కోవలోని వాడే. ఇలాంటి ఫోను వస్తే పెట్టేయడమే.

విగ్రహాల జోలికి మాత్రం కొనడానికీ అమ్మడానికీ తొందరపడొద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటినది పురావస్తువు. లోహ, రాతి, దంతపు శిల్పాలు, చెక్క శిల్పాలు, చిత్రాలు లాంటివాటిని నమోదు చేయించాలి, వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించడం నేరం. రాతప్రతులకి ఆ గడువు 75 ఏళ్లే. "ఊర్లో పాత గుడిది నా, పంచలోహం" అని గుసగుసగా చూపించే దాన్ని ముట్టుకోకుండా బయటికి రావాలి, అది దొంగసొత్తు అయితే కొన్నవాడు కూడా కేసులో ఉంటాడు. దంతపు దువ్వెనలు, గాజులు అమ్మడం కూడా చట్టానికి వ్యతిరేకమే. తాటాకు గ్రంథాలు తూకానికి వేసే ముందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ వాళ్లకి చూపించండి. ఆకులు అతుక్కుపోతే విడదీయకండి. పొడిబారితే నిమ్మగడ్డి నూనె రాయడం పాత పద్ధతి, అదీ తెలిసినవాళ్ల చేత.

మరపాచి బొమ్మల గురించి ఒక మాట. పెళ్లిలో ఇచ్చే, కొలువులో పెట్టే ఈ జంట బొమ్మలు తిరుపతికి పేరు తెచ్చినవి, పాతవి రక్తచందనంతో చేసేవారు. కొట్లో "పాత మరపాచి" అని చూపించేవాటిలో చాలావరకు తేలిక కొయ్యకి ఎరుపు రంగు పట్టించినవి. రక్తచందనం చేవ నీళ్లలో మునిగేంత బరువు, పీఠం అడుగున తడి గుడ్డతో రుద్దితే పూత రంగు గుడ్డకి ముద్దగా అంటుతుంది, చెక్క సొంత ఎరుపు అలా ఊడిరాదు. మీ ఇంట్లో పాత జత ఉంటే వార్నిష్ వేయకండి, విడదీసి అమ్మకండి. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో ఇప్పటికీ చెక్క శిల్పాలు చెక్కుతారు, కొత్త జత కావాలంటే పాత సామాన్ల కొట్టు కంటే అది మేలు.

కలంకారీ గుడ్డలు అటక మీద దొరికితే దులిపి సర్ఫులో నానబెట్టడమే చేసే మొదటి తప్పు. శ్రీకాళహస్తి పద్ధతి అంటే కలంతో చేత్తో గీసింది. గుడ్డని కరక్కాయ, పాలలో ముంచి, ఇనుము బెల్లం ఊరబెట్టిన కషాయంతో నల్ల గీత గీస్తారు. గీత ఒక చోట లావు, ఒక చోట సన్నం ఉండాలి. ఒకే బొమ్మ రెండుసార్లు వస్తే రెండూ అచ్చుగుద్దినట్టు ఉండకూడదు. ఉంటే అది స్క్రీన్ ముద్ర. పాతదానిలో నల్ల గీత ఉన్న చోటే గుడ్డ చిరిగి ఉంటే ఆశ్చర్యపోకండి, ఆ ఇనుమే దారాన్ని తింటుంది. మడత పెట్టకుండా గొట్టానికి చుట్టి, ఉతికిన నూలు గుడ్డలో ఉంచాలి, ప్లాస్టిక్ కవరు వద్దు.

పూజగదిలోని పాత లక్ష్మి, సరస్వతి పటాల అంచున చిన్న అక్షరాల్లో రవివర్మ ప్రెస్ అని ఉందేమో చూడాలి. ఆ ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలైంది. భూతద్దం పెడితే రాతి అచ్చులో రంగు గింజలు చెల్లాచెదురుగా ఉంటాయి, ఈ కాలపు ఆఫ్‌సెట్ ముద్రలో చుక్కలు వరసలు కట్టి ఉంటాయి. జరీ, తళుకులు కుట్టినవైతే ధర ఇంకా ఎక్కువ. కాగితం అద్దానికి అతుక్కుని ఉంటే లాగకండి, ఫ్రేముతో సహా అమ్మండి. ఫ్రేము టేకుదైతే దానికే వేరే గిరాకీ.

కొనే వైపు నుంచి చూస్తే, ఈ కొట్లలో కొనదగినవి మూడే అంటాను: కళాయి వేయించుకుంటే ఇంకో తరం నడిచే పోత ఇత్తడి గుండిగలు, రుబ్బురోళ్లు, టేకు బీరువాలు. రుబ్బురోలు గుంట నున్నగా అరిగిపోయి ఉంటే గాట్లు కొట్టించే ఖర్చు కలుపుకోండి. ఇంటికి తెచ్చాక నానిన బియ్యం రెండు మూడుసార్లు రుబ్బి పారేయాలి, రాతిపొడి పోయేదాకా. బీరువాకి సొరుగు పూర్తిగా బయటికి లాగి, పాలిష్ లేని వెనక పలక చూడాలి. ముందు టేకు, వెనక ప్లైవుడ్ ఉండటం మామూలే. కింద సన్నటి పిండి రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉంది. పాత హెచ్.ఎం.టి. గడియారాలు కొనేవాళ్లు డయల్ చూడాలి. అక్షరాలు ముద్దముద్దగా, మరీ తెల్లగా ఉంటే కొత్తగా రంగు వేసిన డయల్, లోపల ఏ గడియారం ముక్కలున్నాయో చెప్పలేం. వాల్వు రేడియోని కొన్న రోజే కరెంటుకి తగిలించకండి, ఎండిన కెపాసిటర్ పేలి ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా తీసుకుపోతుంది.

గడియారాల మాట వచ్చింది కాబట్టి, తిరుమల హుండీలో భక్తులు వేసిన చేతి గడియారాలు, సెల్‌ఫోన్లు టీటీడీ ఎప్పటికప్పుడు ఈ-వేలంలో లాట్లుగా అమ్ముతుంది. కొత్తవి, వాడినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి అని ప్రకటనలోనే రాస్తారు. ఒక్క గడియారం కావాలనుకునేవాళ్లకి ఇది కాదు, లాటు మొత్తం కొనాలి. బాగుచేసి అమ్ముకునేవాళ్లకి, నలుగురు కలిసి పంచుకునేవాళ్లకి పనికొస్తుంది. సెల్‌ఫోన్ల లాటులో తాళం తెరవలేనివి, బ్యాటరీ ఉబ్బినవి ఎన్ని ఉంటాయో ముందే ఊహించుకుని, విడిభాగాల ధరకే పాడాలి. గడియారాలు అయితే ఆగిపోయినవాటిలో చాలావాటికి సెల్లు మారిస్తే సరిపోతుంది కాబట్టి కాస్త పైకి పోవచ్చు.

ఏ గడపకి పోయినా ఉదయం పదకొండు లోపు పోండి, బ్రహ్మోత్సవాల రోజుల్లో మాత్రం వద్దు. అప్పుడు కొట్టువాడి చూపంతా యాత్రికుల మీదే ఉంటుంది, మీ గోతాన్ని మూలకి తోసి "మొత్తం ఇంత ఇచ్చేస్తాం పో నా" అంటాడు.